‘నార్మల్’ డబ్బా

బోయిన్‌పల్లి మార్కెట్ దాటాక ఒక చిన్న ల్యాబ్‌లో విజయేందర్ ఇరవై ఏళ్లుగా వీర్యకణాలు చూస్తున్నాడు. మైక్రోస్కోప్ అలవాటు వల్ల బస్సు నంబరైనా, మనిషి మొహమైనా ఎడమ కన్ను మూసే చూస్తాడు. పనికిరాని ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే గుర్తు అంటుకుంటుందనీ, రంగు వేస్తే చెడ్డ వీర్యకణం ఆ గుర్తుతో ఒళ్లంతా ఆకుపచ్చగా వెలుగుతుందనీ, గుర్తు పడాల్సినచోట పడకపోతే కేన్సర్ దాకా పోవచ్చనీ కొత్తవాళ్లకు తన టీ చల్లారేదాకా చెబుతాడు. పోల్చి చూడడానికి ప్రతిసారీ ఆరోగ్యవంతుడి శాంపిల్ ఒకటి కావాలి. ఎవరినీ అడగలేక ఏళ్లుగా తనదే ఇస్తున్నాడు. ఆ డబ్బా మీద పేరుండదు, ‘నార్మల్’ అని ఉంటుంది. పెళ్లిచూపులు మానేసి అల్వాల్‌లో ఒంటిగదిలో వండుకు తినే మనిషికి ఆ ఒక్క మాటే పెద్ద ధైర్యం.

మొన్న కొత్తగా చేరిన సృజన మైక్రోస్కోప్ మీంచి తలెత్తి, “సార్, ఈ నార్మల్ ఎవరిది? మొత్తం ఆకుపచ్చగనే ఉంది. ఇది పనికిరాదు, వేరేవాళ్లది తీసుకుందాం” అంది. విజయేందర్ ఎడమ కన్ను మూసి మైక్రోస్కోప్‌లోకి చూశాడు.

“నిజమే బిడ్డా. జెర ఆ డబ్బా ఇటియ్యి.”

డబ్బా మీది ‘నార్మల్’ చీటీని గోటితో మెల్లగా గీకేశాడు. మొదటిసారి ఆ డబ్బా మీద తన పేరు, వయసు రాసి పేషెంట్ల వరసలో పెట్టాడు.