అమ్మ చెప్పని సాక్ష్యం

నా చిన్నప్పుడు, కెనడాలోని సార్నియాలో, నన్ను సగం మా అమ్మ పెంచితే సగం పక్కింటి ఆంటీ పెంచింది. నాన్న కెమికల్ ప్లాంటులో, అమ్మ ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగాలు. పొద్దున్నే నన్ను ఆంటీ ఇంట్లో దింపి వెళ్ళేవారు. ఆవిడ జమైకా నుంచి వచ్చిన నల్లజాతి మనిషి. ఆవిడ కూతురూ నేనూ ఒకే కిండర్‌గార్టెన్ క్లాసు.

మాకు జడలు వేస్తూ ఆంటీ లెక్కలు నేర్పేది. ఆవిడ ఒక అంకె పాడితే తరవాతిది మేం అందుకోవాలి. అలా వంద దాకా వెళ్ళేవాళ్ళం. నేను తడబడితే ఆ పిల్లే అందించేది.

స్కూల్లో టీచర్ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి లెక్కపెట్టమంది. నేను గడగడా అప్పజెప్పేశాను. మా ఇంట్లో అమ్మానాన్నల ముందు నిలబడి ఒక్కదాన్నే అప్పజెప్పడం రోజూ ఉన్నదే. ఆ పిల్ల మాత్రం టీచర్ మొదలుపెడుతుందని ఆవిడ మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఎవరూ అందివ్వకుండా ఒక్కతే మొదలెట్టడం వాళ్ళింట్లో పద్ధతి కాదు. దానికి ఏమీ రాదని, ఇంకో ఏడాది అదే క్లాసులో ఉంచాలని టీచర్ తేల్చేసింది.

ఆంటీ మా అమ్మను బతిమాలింది. మీ పిల్లంటే టీచరుకు గురి, ఇద్దరూ నా దగ్గరే నేర్చుకున్నారని మీటింగులో ఒక్క మాట చెప్పండి చాలంది. అమ్మ తప్పకుండా అంది. నన్నూ వెంట తీసుకెళ్ళింది.

మీరు ఒక అంకె పాడి చూడండి, తరవాతిది మా పిల్లే చెబుతుందని ఆంటీ టీచరుకు వివరించింది. టీచర్ నవ్వి, నిజమేనా అని అమ్మ వైపు తిరిగింది.

"మాకంత పరిచయం లేదండి. పక్కిల్లు, అంతే," అంది అమ్మ.

ఆ పొద్దున ఆంటీ చేతి మొక్కజొన్న జావ తాగి వచ్చినదాన్ని నేను, అమ్మ ఒళ్ళోనే ఉన్నాను. ఆంటీ అమ్మను చూడలేదు. నన్ను చూసింది.

కారులో అమ్మ, "వాళ్ళ గొడవ మనకెందుకే? రేపు నిన్నూ వాళ్ళతో ఒకే గాటన కడితే?" అంది. కొత్త దేశం, భయం, అంటారు మీరు. కాదని నేనెక్కడన్నాను? ఆ భయానికి బలైంది అమ్మా కాదు, నేనూ కాదు, అంతే.

మర్నాడు ఆంటీ తలుపు తీయదనుకున్నాను. తీసింది. జావ పెట్టింది, జడ వేసింది. పాట మాత్రం పాడలేదు. పాయలు తీస్తూ, "నువ్వు విన్నావు కదా. పెద్దయ్యాక విననట్టు ఉండకు," అంది.

సెప్టెంబరులో నేను పై క్లాసుకు వెళ్ళాను. ఆ పిల్ల చిన్నపిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని అక్కడే కూర్చుంది.

ఇప్పుడు నేను వాటర్లూలో కిండర్‌గార్టెన్ టీచర్ని. ఏ నల్లజాతి పిల్ల గురించైనా 'ఇంకా సిద్ధంగా లేదు' అని ఎవరైనా రాసుకొస్తే, ఇంట్లో ఎలా నేర్పుతారో కనుక్కున్నారా అని నిలదీస్తాను. ఆ కాగితం మీద సంతకం పెట్టను. నాది గయ్యాళి నోరని స్టాఫ్‌రూములో పేరు. రిటైరై నా దగ్గరే ఉంటున్న అమ్మ కూడా, ఈ నోరు నీకు ఎవరు నేర్పారే అని విసుక్కుంటుంది.

నువ్వే అని చెప్పడానికి మాత్రం ఆ నోరు ఇంతవరకూ లేవలేదు.