ఎడమ పక్కన మిరపకాయలు

"సోమవారం బడి టైముకల్లా రోడ్డు మీద కాయలు ఎత్తించేస్తానురా" అని మా పెదనాన్న మా నాన్నకు మాటిచ్చాడు. ఎత్తించలేదు.

నిన్న మార్టూరు దాటాక సర్వీసు రోడ్డులో సగం మేర మిరపకాయలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. ఆ ఘాటు తగలగానే అరవయ్యేళ్లు వెనక్కి పోయాను. మీకూ గుర్తుండే ఉంటుంది, కల్లం చాలకపోతే మనకు తారురోడ్డే కల్లం. సైకిలు ఎడమ పక్కనే తొక్కాలని మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పేవారు. ఎడమ పక్కనేమో కాయలు. వాటి మీద చక్రం పడితే రైతులు వీపు పగలగొట్టేవాళ్లు. అందుకని బడిపిల్లలమంతా కుడి పక్కకు తిప్పేవాళ్లం.

ఆ సోమవారం నా ముందు కడ్డీ కిందుగా కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కుతున్న తమ్ముడు కూడా అలాగే కుడికి తిప్పాడు. ఎదురుగా పత్తి లారీ వచ్చింది. వాడి కాలు మోకాలి దాకా తీసేశారు.

ఆసుపత్రి వరండాలో పెదనాన్న మా నాన్నను అడిగాడు. "ఏరా, ఎడమ పక్కన వెళ్లాలని పిల్లాడికి నేర్పలేదా?"

"ఎడమ పక్కన నీ కాయలున్నాయి అన్నయ్యా."

"అయితే దిగి నడిపించుకుపోవాల్సింది."

అన్నగారి ముందు గొంతెత్తడం నాన్నకు రాదు.

తర్వాత రోడ్డు చట్టాల పుస్తకాలు దొరికినన్ని చదివాను. దారికి అడ్డం పెట్టడం తప్పని అన్నిట్లోనూ ఉంది. ఊరు మాత్రం లారీ డ్రైవరును తిట్టింది. తమ్ముడు చివరిదాకా తననే తిట్టుకున్నాడు. నేను తప్పుపట్టేది ఈరోజుకీ ఒక్కరినే, మా పెదనాన్న సుబ్బరామయ్యను.