తిరగబడిన గొడుగు దొరసాని

జులై నెల రెండో శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. గల్ఫ్‌లో, ఐన్ ఖాలిద్‌లోని మా అమ్మాయి ఇంటి ముందు ఉష్ణోగ్రత నలభై ఒక్క డిగ్రీలు. గాలి లేదు. తేమకు కిటికీ అద్దాలు బయటివైపు చెమర్చి ఉన్నాయి. పక్క విల్లాలో డ్రైవరుగా పనిచేసే రాయచోటి ఓబులేసు మా గుమ్మంలో రెండు అట్టపెట్టెలు దించి, ముఖం తుడుచుకున్నాడు.

"మా ఇంగ్లీషు మేడమ్ వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతాండారు సార్. ఈ పటాలు పారేయమనింది. పాత బొమ్మలంటే మీకు ఇష్టం గదా అని తెచ్చినా. ఫులూస్ మాఫీ, ఊరికే తీసుకోండి."

మూత తీయగానే పాత కాగితం, ఎండిన జిగురు కలిసిన వాసన వచ్చింది. అనంతపురం వైపు నేను పుట్టి పెరిగిన జంక్షన్ ఊళ్లో, రైల్వే క్లబ్బు పియానో పక్కనున్న చెక్క బీరువాది సరిగ్గా అదే వాసన.

విక్టోరియా రాణి కాలంలో లండన్ రంగస్థలాల మీద జనం ఎగబడి విన్న పాటలను నాలుగైదు పేజీల స్వరలిపిగా అచ్చువేసి, పైన రంగుల ముఖచిత్రం చేర్చి అమ్మేవారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పెట్టెల్లో పడి అవి మా ఊరు, ఆ క్లబ్బు బీరువా చేరాయి. గళ్ల లాగు తొడుక్కుని ఒంటికన్ను అద్దంలోంచి లోకాన్ని వెక్కిరించే దొర, గాడిదబండి మీద కూరగాయల గంపతో పాటు పెళ్లాన్నీ ఎక్కించుకున్న బేరగాడు, తాగి దీపస్తంభాన్ని కౌగిలించుకున్న సిపాయి, వీళ్లంతా మాకు మేనమామలంత దగ్గరివాళ్లు. పాట రాసినవాడి పేరు చిన్నక్షరాల్లో, పాడినవాడి పేరు పెద్దక్షరాల్లో ఉండేవి. మూలన ధర ఉండేది, సంవత్సరం మాత్రం ఉండేది కాదు. ఆ లోపాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు.

ఇంజన్ల బొగ్గుపొగ ఆరేసిన బట్టల మీద నల్లటి నలుసులుగా రాలే ఎండాకాలపు మధ్యాహ్నాల్లో, ఉగాది ఓళిగల నెయ్యి వేళ్లకింకా అంటుకునే ఉండగా, క్లబ్బు వరండాలో పిల్లలం ఒక ఆట ఆడేవాళ్లం. ఒకరు ముఖచిత్రంలోని మనిషిలా నిలబడాలి, మిగిలినవారు ఆ బొమ్మ ఏదో చెప్పాలి. కదిలితే ఓటమి. మా సరోజక్క ఎప్పుడూ ఒకే బొమ్మగా నిలబడేది: గాలికి గొడుగు వెనక్కి తిరగబడిపోయినా, టోపీ ఎగిరిపోతున్నా, పకపకా నవ్వుతున్న దొరసాని.

క్లబ్బులో పియానో వాయించే డోరా టీచరు అక్కకు ఆ పాటే నేర్పడం మొదలుపెట్టింది. చరణం పూర్తయింది. జనమంతా గొంతు కలిపే పల్లవిని క్రిస్మస్ తర్వాత నేర్పుతానని, మైదాతో గవ్వల్లా చేసిన తీపి వేపుళ్లు చేతిలో పోసి పంపింది. క్రిస్మస్ తర్వాత ఆమె కుటుంబం ఆస్ట్రేలియా ఓడ ఎక్కింది. వెళ్తూ బీరువాలోని పాటలన్నీ అక్కవేనని క్లబ్బు కమిటీవారికి చెప్పింది. ఆ కమిటీలో మా నాయన కూడా ఉన్నాడు.

ఆ వేసవిలోనే పై అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిసి, కమిటీ హాలు గోడలను అలంకరించాలని తీర్మానించింది. మెయిలు బండి రాకను బట్టి రోజూ గడియారం సరిచూసుకునే మా నాయన, స్కేలు ఆనించి, బ్లేడుతో, అంచు వెంట్రుకవాసి కూడా వంకర పోకుండా ముఖచిత్రాలన్నిటినీ వేరుచేశాడు.

"పాట లోపల గదా నాయనా ఉండేది!" అంది అక్క.

"లోపలి గీతలు ఎవురికి అర్థమైతాయి? బొమ్మ గోడనుంటే నలుగురూ చూస్తారు" అన్నాడు ఆయన తలెత్తకుండానే.

లోపలి పేజీలు తూకానికి శెట్టి కొట్టుకు పోయాయి. తర్వాత చాలా రోజులు అక్క బడి నుంచి నేరుగా ఆ కొట్టుకే వెళ్లి, శెనక్కాయలు కొని, పొట్లం విప్పి, కాయలు మళ్లీ గంపలో పోసేది.

"ఏం పాపా, కాయలు నాకిచ్చి కాగితం నువ్వు తీసుకుంటావా? రేపు పెండ్లయినంక మొగున్ని ఇడిసిపెట్టి పంచె తెచ్చుకుంటావేమో!" అనేవాడు శెట్టి. కొట్టు ముందు జనం నవ్వేవారు. అక్క కాగితం మడత సాపుచేసుకుంటూ వచ్చేసేది. గొడుగు పాటలో ఆమెకు దొరికింది తనకు వచ్చిన చరణం మాత్రమే. పల్లవి పేజీ ఎవరింటికి ఏ పప్పు మోసుకుపోయిందో తెలియదు. పియానోను తర్వాత టేకు చెక్క కోసం ఎవరో కొన్నారు. గోడనున్న బొమ్మలను రెండు వానాకాలాల్లో చెదలు తినేశాయి. తనిఖీకి వచ్చిన అధికారి, హాజరుపట్టీలో సంతకం చేసి, హాల్లోకి రాకుండానే వెళ్లిపోయాడు.

అక్కకిప్పుడు ఎనభై ఒకటి. అన్నం వడ్డించేలోపు బల్ల అంచు మీద ఆమె వేళ్లు ఇప్పటికీ ఆ చరణం వాయించి, పల్లవి దగ్గర ఆగిపోతాయి. ఆ పల్లవి ఎట్లుంటుందో వినిపోవాలన్నది ఆమె కోరిక. మా మనవరాలు ఫోన్‌లో వెతికిపెట్టింది. బొమ్మ నాలుగు చోట్ల అమ్మకానికి ఉంది. పాట ఎక్కడా లేదు.

ఓబులేసు తెచ్చిన రెండో పెట్టెలో, అడుగునుంచి మూడో పటంలో, ఆ దొరసాని నవ్వుతూ కనిపించింది. అద్దం వెనక లోపలి పేజీలతో సహా బిగించి ఉంటారన్న ఆశతో మేకులు ఊడదీశాను. ముఖచిత్రం, దాని వెనక అట్టముక్క. ముఖచిత్రం ఎడమ అంచున ఎవరిదో బ్లేడు గీసిన నిటారైన కోత. అయినా పెట్టెల్లోని పటాలన్నీ విప్పేదాకా లేవలేదు. ఒకదాని పేజీలు మరొకదాని వెనక ఉండవచ్చు గదా.

అక్కకు ఫోన్ చేశాను.

"దొరికిందారా?"

"బొమ్మ దొరికిందక్కా."

"బాగుండాదా?" అంది.

"బాగుంది."

"అయితే గోడకు పెట్టుకో" అని ఫోన్ పెట్టేసింది.

విప్పిన పటాలు పదకొండు. లోపల పాట ఉన్నవి సున్న.