స్తంభానికి వేసిన ముడి

గద్వాలలో మేముండే అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను ఒక ఆదివారం సాయంత్రం పనిలోంచి తీసేశారు. పై ఊరినుంచి వచ్చిన ఒక సేటు కారు చక్రాన్ని తాడుతో స్తంభానికి కట్టేశాడన్నది అతని మీద పడిన నింద. కట్టింది అతను కాదు. నేను. నాలుగు నెలలు ఈ మాట నా నోట్లోంచి రాలేదు. ఇప్పుడు మొదటినుంచి చెబుతాను.

మాది రెండో అంతస్తు. మూడో అంతస్తులో నా తోడల్లుడు ఉంటాడు. నా భార్య చెల్లెలి మొగుడు. నాకన్నా ఐదేళ్లు చిన్న, నన్ను 'అన్నా' అంటాడు. పెళ్లైన కొత్తలో ఇద్దరం మా మామగారింట్లో పక్కపక్క గుంట మగ్గాల మీద కూర్చుని చీరలు నేసినవాళ్లం. చెయ్యి నాదే మంచిదని మామగారు నలుగురిలో అనేవాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట చిన్నవాడి చీర సన్నగా ముడతపడేది. నాది పడేది కాదు.

కానీ మగ్గం దిగిపోయింది నేను. ఈ పనికి ఇక రోజుల్లేవని నమ్మి ఒక ప్రైవేటు స్కూల్లో గుమాస్తాగా చేరాను. అతన్నీ రమ్మన్నాను. "నాకు ఇంకో పని రాదన్నా" అన్నాడు. ఆ రోజు అతని మీద జాలిపడ్డాను. పన్నెండేళ్లు తిరిగేసరికి అతని చేతికింద పద్నాలుగు మగ్గాలు ఆడుతున్నాయి. నేను ఇంకా పిల్లల టీసీలు రాస్తున్నాను.

ఫ్లాట్లు ఇద్దరం ఒకేసారి తీసుకున్నాం. కింద స్తంభాల మధ్య కారు జాగాలు కూడా పక్కపక్కనే వచ్చాయి. ఆరో నంబరు అతనిది, ఏడు నాది. ఏడాది తిరక్కముందే ఆరులో ఎర్ర కారు వచ్చి నిలబడింది. నాకు స్కూటరే. దాన్ని మెట్ల కింద పెట్టి, ఏడో నంబరును ఖాళీగా ఉంచేవాణ్ణి, ఎప్పటికైనా నా కారు వస్తుందని. ప్రతి ఆదివారం పొద్దున ఒక బకెట్ నీళ్లు తెచ్చి ఆ ఖాళీ జాగాను నేనే కడిగేవాణ్ణి. పక్కన ఎర్ర కారును కూడా ఎవరో ఒకరు కడుగుతూ ఉండేవారు.

ఒక ఆదివారం బకెట్‌తో దిగేసరికి నా జాగాలో తెల్లటి పెద్ద కారు ఉంది. ముందు సీటు వెనక్కి వాల్చుకుని డ్రైవరు పడుకున్నాడు. అద్దం మీద కొట్టాను.

"ఎవరిదీ బండి?"

"సేటుది. చీరలకు వచ్చిండు. మూడో అంతస్తు."

"ఇది నా జాగా."

అతను లేచి అటూ ఇటూ చూశాడు. "మీ బండేది సార్?"

నేను మెట్ల కిందున్న స్కూటరు వైపు చూశాను.

"ఖాళీ జాగనే కద. మీ కారు రాంగనే తీస్త" అని మళ్లీ వాలిపోయాడు.

బకెట్ అక్కడే వదిలి మూడో అంతస్తు ఎక్కాను. సేటు చాప మీద కూర్చుని ఉన్నాడు. అతని ముందు చీర పరిచి ఉంది. నూలూ పట్టూ కలిసే చోట వేలు పెట్టి మెల్లగా జరుపుతున్నాడు. ముడత లేదు. గుమ్మంలోంచే చూశాను, ఎక్కడా లేదు.

"రా అన్నా, రా. సేటూ, ఈయన మా అన్న. నాకంటె మంచి చెయ్యి. ఇడ్సిపెట్టిండు" అన్నాడు నా తోడల్లుడు.

"అరే, ఎందుకు ఇడ్సిపెట్టినవ్?" అని సేటు నా వంక ఒకసారి చూసి, జవాబు వినకుండానే మళ్లీ చీర మీదికి వంగాడు.

టీ ఇచ్చారు. తాగాను. కారు సంగతి ఎత్తకుండానే కిందికి వచ్చాను. అతను నన్ను మెచ్చుకున్నాడని ఈ రోజు తెలుసు. ఆ రోజు మాత్రం, అందరిముందు నన్ను కూర్చోబెట్టి నవ్వినట్టే అనిపించింది.

తర్వాత పదిహేను రోజులకొకసారి ఆ కారు రావడం, నా జాగాలోనే నిలబడటం మామూలైంది. నా భార్యతో అంటే, "రెండు గంటలు నిలవడితే జాగ అరిగిపోతదా? మీకేమన్న కారున్నదా?" అంది. ఆమె చెల్లెలింట్లో కొత్త సోఫా వచ్చినప్పుడు తను కూడా రెండు రోజులు అన్నం సరిగా తినలేదు గానీ, ఆ మాట అనలేకపోయాను.

ఇక వాచ్‌మన్‌కు చెప్పాను. అమ్రాబాద్ వైపు మనిషి. భార్యతో కలిసి పంపు పక్కనున్న గదిలో ఉండేవాడు. నా మాటను అతనొక్కడే పట్టించుకున్నాడు. ఆ ఆదివారం తెల్ల కారు గేటులోకి రాగానే అడ్డం నిలబడ్డాడు.

"ఏడో నంబరు సారుది. బయట పెట్టుకో."

"నువ్వెవనివి చెప్పనీకె?"

"ఈ గేటుకు నేనే కలెక్టర్ను! తియ్ బండి!"

బాల్కనీల్లోంచి అందరూ చూశారు, నవ్వారు. డ్రైవరు ఆగలేదు. కారు నా జాగాలోనే పెట్టి ఎదురు హోటల్‌కు టీకి పోయాడు. "తాడుతోని కట్టేస్త నిన్నొకనాడు!" అని వాచ్‌మన్ వెనకనుంచి అరిచి, పాలకోసం బయటికి వెళ్లాడు.

నేను బకెట్ పట్టుకుని దిగాను. కింద ఎవరూ లేరు. పంపు దగ్గర వాచ్‌మన్ వాడే నైలాన్ తాడు చుట్ట ఉంది. దొరికింది తీసుకున్నాననే నాలుగు నెలలు నాకు నేను చెప్పుకున్నాను. అతని మాట చెవిలో ఉండగా అతని తాడే తీసుకున్నాను. అందులో ఎంత అమాయకత్వం ఉందో ఇప్పటికీ నాకు తెలియదు. సేటు ఆలస్యమైపోవాలి, ఈ ఇంటికి వస్తే గొడవే అనుకోవాలి, ఇంకోచోట చీరలు వెతుక్కోవాలి. అంతే నా కోరిక. చక్రం కంతల్లోంచి తాడు పోనిచ్చి స్తంభం చుట్టూ రెండు చుట్లు తిప్పి ముడి వేశాను. పైకొచ్చి చేతులు కడుక్కున్నాను.

మధ్యాహ్నం కింద అరుపులు వినిపించాయి. డ్రైవరు చూసుకోకుండా కారు కదిలించాడు. తాడు బిగుసుకుని చక్రం మీది మూత పగిలింది. నేను దిగేసరికి పదిమంది స్తంభం చుట్టూ ఉన్నారు. ముడి ఎవరికీ రావడం లేదు. వాచ్‌మన్ పళ్లతో కూడా లాగుతున్నాడు.

"నేను కట్టలే సారూ! నేనే కడితే నాకు ఇప్పరాదా?"

"తాగి కట్టినవేమో, యాది లేదేమో" అన్నారెవరో. నవ్వారు. ఇంకెవరో కత్తి తెచ్చారు.

అప్పుడు నా తోడల్లుడు కత్తి పట్టిన చెయ్యి ఆపి, వంగాడు.

గుంట మగ్గంలో పడుగును బిగించి ఉంచే తాడు, ఎదురుగా దూరాన ఉన్న రాటను చుట్టి వెనక్కి వచ్చి నేతగాడి కుడిచేతి పక్కన ముడిపడుతుంది. కూర్చున్నవాడు లేవకుండానే దాన్ని వదులు చేసుకోవాలి. అందుకని ఆ ముడి లాగినకొద్దీ బిగుస్తుంది, తోక ఒకటి గుంజితే ఊడిపోతుంది. మా మామగారింట్లో ఆ తోకను లోపలికి మడిచి దాచడం అలవాటు, పిల్లలు ఆడుకుంటూ లాగకుండా. ఆయన పోయాక ఆ మడత తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం. పన్నెండేళ్లు మగ్గం ముట్టని నా చెయ్యి, తనంతట తానే ఆ ముడి వేసింది. వేసేటప్పుడు నేను గమనించనే లేదు.

అతను రెండు వేళ్లు మడతలోకి పోనిచ్చి తోక పట్టుకుని గుంజాడు. తాడు జారి కింద పడింది.

"ఎట్ల తీసినవ్?" అన్నాడు సేటు.

"ఊకె గుంజిన, వచ్చింది."

నా వైపు చూడలేదు. తాడును చుట్ట చుట్టి వాచ్‌మన్ చేతికిచ్చాడు.

సాయంత్రం అసోసియేషన్ పెద్దాయన అందర్నీ కిందికి పిలిచాడు. తాడు వాచ్‌మన్‌ది, కట్టేస్తానన్నది వాచ్‌మన్, పొద్దున లొల్లి పెట్టుకున్నది వాచ్‌మన్. ఇంకేం కావాలి? అతను నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సారూ, మీ జాగ కోసమే కద నేను కొట్లాడిన. మీరన్న చెప్పుండ్రి."

"అందరూ చూసిన తర్వాత నేనేం చెప్పేది" అన్నాను. నేనన్న మాట అదే. మార్చి రాయడం లేదు.

మర్నాడు ఆ మొగుడూ పెళ్లాం ఒక పెట్టె, రెండు మూటలు, ఒక స్టవ్‌తో ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

తర్వాతి నాలుగు నెలలు నా తోడల్లుడు ఎప్పటిలాగే ఉన్నాడు. మెట్ల మీద ఎదురైతే "తిన్నవా అన్నా" అనేవాడు. ముడి ఎవరిదో తెలిసి కూడా అలా అడగ్గలిగినందుకు అతని మీద మండిపోయేవాణ్ణి. నిద్రపట్టనిది నాకు, పెద్దమనిషి అయింది అతను. తప్పు నేను చేస్తే, దాన్ని దాచిన గొప్పతనం కూడా అతనికే పోయింది.

ఒకరోజు అన్నం పెడుతూ నా భార్య అంది, "మన వాచ్‌మన్‌ను మరిదే వనపర్తిల ఫంక్షన్ హాలుకు పెట్టిచ్చిండంట. ఉండనీకె గది గూడ ఇప్పిచ్చిండంట."

నాకు ఊరట కలగాలి. కలగలేదు. నేను ముడి వేస్తే అతను రెండు వేళ్లతో తీసేశాడు, నేను కూడు పోగొడితే అతను వెతికి పెట్టాడు. నాకు చెయ్యడానికి ఏమీ మిగల్చలేదు. ఒక్కటే మిగిలింది, నిజం చెప్పడం. అది మాత్రం అతను నా బదులు చెయ్యలేడు. మర్నాడు వనపర్తి బస్సు ఎక్కానంటే, పశ్చాత్తాపం ఎంతో, ఈ పట్టుదల కూడా అంతే.

ఫంక్షన్ హాల్లో ముందురోజు పెళ్లి జరిగింది. వాచ్‌మన్ కుర్చీలు ఒకదాని మీదొకటి పేరుస్తున్నాడు. నన్ను చూడగానే ఒక కుర్చీ దించి, దులిపి వేశాడు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి, చివరిదాకా విన్నాడు.

"మా ఆమెను పిలుస్త. ఆమెకు చెప్పుండ్రి" అన్నాడు. "నేనే తాగి కట్టిన అనుకుంటది. నాలుగు నెల్లసంది దినాం ఎత్తిపొడుస్తనే ఉన్నది."

ఇంతకాలం నేను అతని పని గురించే బాధపడ్డాను. అతని ఇంట్లో అతన్ని నమ్మే మనిషి లేకుండా చేశానని నాకు తట్టనే లేదు.

ఆమె తడి చేతులతో వచ్చింది. రెండోసారి చెప్పాను. ఆమె ముందు మొగుడి వంక చూసింది, తర్వాత నా వంక.

"మీకు కారు లేకపోతే మా పొయ్యి ఆర్పుతరా సారూ?"

"తప్పైంది."

"నాకు చెప్తె అయితదా? మా సిన్నమ్మ బిడ్డ మీ ఎన్క గల్లిలనే ఉంటది. తాగుబోతు, తాగుబోతని వాడకట్టంత అనిరి. ఎక్కడ అన్నరో అక్కడ నిలవడి చెప్పుండ్రి. ఆ సేటుకు గూడ చెప్పుండ్రి."

వాచ్‌మన్ "పోనీలేవే" అన్నాడు. "నువ్వూకో" అంది. అతను ఊరుకున్నాడు గానీ, మొహం తిప్పుకుని కుర్చీలు సర్దుతూ ఉండిపోయాడు. మళ్లీ గద్వాలకు రమ్మని అడిగితే, "ఈడ మంచిగనే ఉన్నది సారూ" అన్నాడు.

ఆ వారమే అందర్నీ కిందికి పిలిపించాను. ఏడో నంబరు జాగాలో నిలబడి చెప్పాను. ఎవరైనా తిడతారేమో అనుకున్నాను. పెద్దాయన గొంతు సవరించుకుని, "అయిపోయిందేదో అయిపోయింది సార్, ఇప్పుడెందుకు" అన్నాడు. నా భార్య తలెత్తలేదు. అందరూ ఒక్కొక్కరే లిఫ్టు వైపు వెళ్లిపోయారు.

మెట్ల దగ్గర నా తోడల్లుణ్ణి ఆపాను. "నీకు తెలుసు. ఆ పొద్దే ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన అన్నా. ఎల్లుండి చెప్తవు, ఆదివారం చెప్తవు అనుకుంటనే ఉన్న. నేను చేసింది గూడ తప్పే. తాడు వాచ్‌మన్ చేతిల పెట్టకుండ ఉండాల్సింది" అన్నాడు. ఆ మాట అతను ముందు అనేసినందుకు కూడా నాకు అతని మీద అసూయే కలిగింది. నిజం చెప్పినంత మాత్రాన అది పోలేదు.

ఆ సాయంత్రం వనపర్తి నుంచి ఫోన్ వచ్చింది. వాచ్‌మన్ భార్య.

"చెప్పినరా?"

"చెప్పిన."

"ఎంతమంది ఉండిరి?"

"అందరూ ఉన్నరు."

"సేటు?"

"ఆయన వచ్చే ఆదివారం వస్తడు."

"సరే, ఆదివారం మల్ల చేస్త" అని పెట్టేసింది.

ఆదివారం పొద్దున నేను బకెట్ తీసుకుపోలేదు. తెల్ల కారు లోపలికి వచ్చింది. సేటు దిగి, నన్ను గుర్తుపట్టకుండానే లిఫ్టులోకి వెళ్లాడు. డ్రైవరు నన్ను చూసి కంగారుగా మళ్లీ తాళం తిప్పబోయాడు.

"తీయాల్నా సార్?"

"వద్దు, ఉండనీ. సేటుతో ఒక మాట ఉంది" అన్నాను.

పైన చాప పరిచి ఉంటుంది. చీర విప్పి ఉంటుంది. వేలు ఆ అతుకు మీద జరుగుతూ ఉంటుంది. సేటు కిందికి దిగడానికి రెండు గంటలు పడుతుంది. స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను.