వెంట వచ్చిన మనిషి

పెద్దమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను దాదర్ స్టేషన్ మెట్లెక్కుతున్నాను. ఏడుపు రాలేదు. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. జనం విసుక్కుంటూ పక్కనుంచి ఎక్కిపోయారు.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. నాకు రక్తసంబంధం కూడా కాదు. ముంబై కామాటిపురలో, వరసగా ఒంటిగదులుండే మా చాల్‌లో, పక్క గది ఆమెది. పాలమూరు నుంచి పెళ్లయి వచ్చి, నాగ్‌పాడాలో ఒక బడి ఊడుస్తూ ముసలిదైపోయింది. మగపిల్లాడిగా పుట్టిన నేను చీర కట్టుకున్నాక మా అమ్మ తలుపు తీయడం మానేసింది. పెద్దమ్మ తీసేది. తీసి, తిట్టి, అన్నం పెట్టేది.

అప్పటికి నాకు లేవగానే మందు పడకపోతే చేతులు వణికేవి. మానాలని నాకూ ఉండేది. తాగుడు మాన్పించే కేంద్రానికి వెళితే, ఇంటివాళ్లెవరైనా వెంట రావాలన్నారు. అక్కడ మగవాళ్లకొక గది, ఆడవాళ్లకొక గది. నన్నెక్కడ కూర్చోబెట్టాలో వాళ్లకు తోచలేదు. జుట్టు కత్తిరించుకుని ప్యాంటు, చొక్కాలో రమ్మన్నారు. ఆ రోజు ఇంకా ఎక్కువ తాగాను.

మరుసటి వారం పెద్దమ్మ నా వెంట వచ్చింది. అక్కడి సారుతో ముందు తెలుగులో, తర్వాత మరాఠీలో ఒకటే మాట అంది:

“తాగుడు మాన్పియ్యుమని తోల్కొస్తే జడ కోసుకొని రమ్మంటవేంది సారూ? జడ తాగుతదా?”

ఆయన నవ్వలేదు. చివరికి రెండు గదుల మధ్య వరండాలో నాకొక కుర్చీ వేయించాడు. అక్కడికి సగం మాటలు వినపడేవి కావు. దానికే సరిపెట్టుకున్నాను.

నేను లోపల ఉన్నంతసేపూ ఆమె బయట బల్ల మీద కూర్చుని, మెంతికూర ఆకులు తుంచి కొంగులో పోసుకునేది. కాడలన్నీ బల్ల కింద పడేసేది. ఊడ్చేవాడు సణిగినా, తనూ ఊడ్చి బతికిన మనిషే అయినా, లెక్కచేసేది కాదు.

మెల్లగా నాలాంటివాళ్లు ఒక్కొక్కరే ఆమె గుమ్మం తొక్కారు. మగవాణ్ని ప్రేమించినందుకు ఇంట్లోంచి గెంటేస్తే మత్తుపొడికి అలవాటుపడ్డ ముస్లిం టైలరు ఒకడు. అతనికీ వెంట వచ్చే దిక్కులేదు. ముస్లిం అబ్బాయికి నువ్వెలా పెద్దమ్మవని సారు అడిగితే, మా చెల్లెలికి సంతానం ఎక్కువని చెప్పి ఆ బల్ల మీదే కూర్చుందట.

దేవత కాదు లెండి. చచ్చేదాకా నన్ను పాత పేరుతోనే పిలిచింది. కోప్పడితే, నోరు తిరుగుతలేదని విసుక్కునేది. నేను మానేసి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆమె గుమ్మంలో నిలబడినప్పుడు మాత్రం తిట్టలేదు. చెప్పుల కోసం వెతుక్కుంటూ నెమ్మదిగా అంది:

“నాకు యాష్టకొచ్చింది బిడ్డా. అయినా వస్త, నడు.”

ఆ తర్వాత నేను మళ్లీ తాగలేదు. కానీ ఇంటివాళ్లు వెంట రావాలన్న ఆ కేంద్రం నియమం ఇప్పటికీ మారలేదు. ఎందుకు మారలేదని అడిగే ఓపిక నాకు పోయింది.

ఆమె దినాలైన మర్నాడు ఒక పిల్ల మా చాల్‌కి వచ్చింది. ఒకప్పటి నాలాగే కొత్తగా చీరకు మారిన పిల్ల. చేతులు వణుకుతున్నాయి. పెద్దమ్మ ఉందా అని అడిగింది. పోయిందని చెప్పాను. అయితే వద్దులే అక్కా అని వెనక్కి తిరిగింది. నేను చెప్పులేసుకున్నాను.

సారు నన్ను గుర్తుపట్టాడు. ఈ పిల్లకు నువ్వేమవుతావని అడిగాడు.

“పెద్దమ్మను,” అన్నాను.

ఆయన పిల్లను వరండాలోని ఆ కుర్చీలోకే పంపాడు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. మెంతికూర తేవాలని తోచలేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక, ఖాళీ కొంగు ఒళ్లో పరుచుకుని, ఆ పిల్ల బయటికి వచ్చేదాకా అలాగే ఉన్నాను.