తాంబూలం పళ్ళేలకు సాటిన్ తొడుగులు

ఆ రోజుల్లో, అంటే సూక్ష్మజీవశాస్త్రంలో పట్టా చేతికి వచ్చి, కౌలాలంపూర్ పక్కనున్న సైబర్‌జయలోని ఒక చిన్న పరీక్షాశాలలో నాకు మొదటి ఉద్యోగం దొరికిన రోజుల్లో, ఎవరేమి చెప్పినా "ఆధారమేది?" అని అడగడం నాకు తుమ్ము వచ్చినంత సహజంగా ఉండేది. (ఇంట్లోవాళ్ళు నన్ను ‘ఆధారం’ అనే పిలిచేవారు. అది మెచ్చుకోలు కాదని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.) ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు కనుక, ఈ సంగతి చెప్పేముందు తెలిసినదేదో, విన్నదేదో విడదీయనివ్వండి. మా అక్క నిశ్చితార్థం కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక భోజనశాల మేడమీది హాలులో జరిగిందన్నది నిశ్చయం, నేనక్కడ ఉన్నాను. పెళ్ళికొడుకు తల్లి ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి విరమించారన్నదీ నిశ్చయమే. ఆమె అంతకుముందు ఒక సంబంధాన్ని, మంచినీళ్ళ గ్లాసు అంచున వేలిముద్ర కనబడిందన్న కారణంగా వదులుకున్నారన్నది మాత్రం వినికిడి. మా చిన్నత్త చెప్పింది; ఆమెకు గుడిలో ఎవరో చెప్పారట; ఆ ఎవరో ఎవరన్నది ఎన్నడూ తేలలేదు. అయినా ఆ ఒక్క వినికిడితోనే మా ఇంట్లో ఆమెకు ‘ఫినాయిలత్త’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆధారం అడగవలసిన నేను కూడా ఆ పేరును అందరికంటే ఎక్కువగా వాడాను.

ఇక మా పెద్దమ్మ. అమ్మకు అక్క. బటాంగ్ బెర్జుంటైలో పామాయిల్ తోటల అంచున ఉంటూ, ఊరిలో ఆడవాళ్ళందరికీ రవికెలు కుట్టేది. ఆమెకు జీవితంలో భయమన్నది ఒక్కటే: బయటి మరుగుదొడ్డి. (మలయ్‌లో దాన్ని టాండాస్ అంటారు. ఆ మాట మా ఇళ్ళలో ఎప్పుడో తెలుగైపోయింది.) కౌలాలంపూర్ రావాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేసేది. వచ్చాక తలనొప్పి, వెళ్ళాక మూత్రంలో మంట, ఆ తర్వాత డాక్టరు చీవాట్లు. నేను పట్టా పుచ్చుకుని ఇంటికి వచ్చిన వారంలోనే ఆమెకు ఈ విషయమై ఒక ఉపన్యాసం ఇచ్చాను. చిట్లని చర్మం గట్టి గోడలాంటిదనీ, ఆమె భయపడే రోగాలు సీటుమీద నుంచి అంటుకుంటాయనడానికి సరైన ఆధారం లేదనీ, కొన్నిచోట్ల పెట్టే కాగితపు తొడుగులు తడిస్తే దేన్నీ ఆపవనీ, నిజంగా కడుక్కోవలసినవి చేతులనీ, అదీ సబ్బుతోననీ చెప్పుకొచ్చాను. పెద్దమ్మ కుట్టుమిషను ఆపకుండానే విన్నది.

"ఒలే, నువ్వు సదివినావు. మంచిదే. గానీ ఆ పెట్రోలు స్టేషను టాండాసులో సీటు మీద బూటు ముద్ర సూసినావేటి?"

"సూసినాను. ఎక్కి కూకోవద్దని గోడకి బొమ్మ కూడా ఏసినారు పెద్దమ్మా."

"బొమ్మేసినారు. అయినా ఎక్కినారు. నీ సర్మం గోడ బూటు ముద్రని ఆపుతాదేటి?"

ఏవగింపు అన్నది పరీక్షాశాలలో పెంచి చూడగలిగిన జీవి కాదు. కొన్నాళ్ళకు పెద్దమ్మ తనకు తానే పరిష్కారం కనిపెట్టుకుంది. మిగిలిన గుడ్డముక్కలతో సీటుకు సరిపడే తొడుగులు కుట్టింది: చుట్టూ ఎలాస్టిక్, నడుమ కోలగా కంత, అంచున జరీ లేసు. (లేసు ఎందుకని అడిగాను. "ఊరికే ఉంది, ఏసినాను లా" అన్నది. మాట చివర ఆ ‘లా’ కూడా మాకు మలయ్ నుంచి అబ్బినదే.) ఆ తొడుగులు సంచిలో ఉంటే చాలు, దారిలో హాయిగా నీళ్ళు తాగేది. తలనొప్పి పోయింది, మంట పోయింది. ఆమె అనుకున్న కారణంగా కాకపోయినా తొడుగులు నిజంగానే మేలు చేశాయని ఒప్పుకోవడానికి శాస్త్రజ్ఞురాలిగా నాకు కొంత కష్టమైంది.

నిశ్చితార్థం అనే మాట కూడా నేను తొందరపడి వాడాను. ఆ ఉదయానికి ఏదీ నిశ్చయం కాలేదు. అక్క, బావ ఒకే సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. అయితే తల్లి సరేననకుండా తాను అడుగు ముందుకు వేయనని బావ ముందే చెప్పాడు. ఆమె వస్తారు, చూస్తారు, మనసుకు నచ్చితే అక్కడే తాంబూలాలు మార్చుకుంటారు. నచ్చకపోతే భోజనం చేసి వెళతారు. అదీ ఏర్పాటు. బయలుదేరేముందు అక్క నన్ను పక్కకు పిలిచింది. రాత్రంతా నిద్రపోని కళ్ళు. "ఈ ఒక్కరోజు సైన్సు మాట్లాడకు లా. ఆవిడ ‘సరే’ అంటే చాలు నాకు. ఇంకేటీ వద్దు" అన్నది. నేను మాట ఇచ్చాను.

పెదనాన్న వ్యాను నడిపాడు. దారిలో పెట్రోలు స్టేషనులో ఆగాం. పెద్దమ్మ ధైర్యంగా వెళ్ళి ధైర్యంగా వచ్చింది. బ్రిక్‌ఫీల్డ్స్ చేరాక తన సంచిని చిన్నత్త చేతికిచ్చి, అక్క చీర కుచ్చిళ్ళు సవరించడానికి లోపలి గదిలోకి వెళ్ళింది. పళ్ళేల అలంకరణ చిన్నత్త బాధ్యత. ఆ పళ్ళేలమీద కప్పవలసిన లేసుగుడ్డలను చిన్నత్త ఇంట్లో సోఫామీద మరచిపోయి వచ్చిందని మాకెవరికీ తెలియదు. ఆమె కంగారుగా అన్ని సంచులూ వెతికింది. పెద్దమ్మ సంచిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో చక్కగా మడతపెట్టిన గులాబిరంగు సాటిన్ తొడుగులు, చుట్టూ ఎలాస్టిక్, అంచున జరీ. పైగా అక్క రవికె రంగే. (రంగు కలవడంలో వింతేమీ లేదు. ఆ రవికె కుట్టగా మిగిలిన ముక్కలే అవి.) పెద్దమ్మ ఎంత ముందుచూపుతో పళ్ళేలకు తొడుగులు కుట్టి తెచ్చిందో అని చిన్నత్త మనసు నిండిపోయిందట.

నేను హాలులోకి వచ్చేసరికి వేదిక ముందు పళ్ళేలు వరసగా ఉన్నాయి. ప్రతి పళ్ళెం అంచునూ ఎలాస్టిక్ గట్టిగా పట్టుకుని ఉంది. నడిమి కంతలోంచి ఒకచోట పసుపు రాసిన కొబ్బరికాయ, ఒకచోట లడ్డూల గోపురం, ఒకచోట నారింజపళ్ళ కుప్ప ఠీవిగా పైకి లేచి ఉన్నాయి. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉన్నాయి. పెద్దమ్మ వచ్చి నా పక్కన నిలబడింది, చూసింది, నా మణికట్టు పట్టుకుంది. ఆ గోళ్ళ గుర్తులు మర్నాటిదాకా ఉన్నాయి.

"ఒలే. అవి నావేనేటి?"

"నీవే."

"ఒలమ్మా. కొబ్బరికాయ కూకుంది సూడు."

నవ్వు రాబోయి ఆగిపోయింది, ఎందుకంటే మరుక్షణం నాకు అసలు ప్రశ్న తట్టింది. "పెద్దమ్మా, పొద్దున్న పెట్రోలు స్టేషనులో వాడినది ఏది?"

ఆమె పళ్ళేల వరసను ఒకసారి వేలితో లెక్కపెట్టింది. "కుళాయి కింద కడిగినాను. తరవాత ఏటి సేసినానో గేపకం లేదు. సంచిలోనే పెట్టినానేమో."

చిన్నత్త దగ్గరకు వెళ్ళి, ఏమీ ఎరగనట్టు, కవరులో ఉన్నవే తీశావా, పక్క జిప్పులో ఉన్నవి కూడా తీశావా అని అడిగాను. "ఏమో లా, గుడ్డలా కనపడినవన్నీ తీసినాను. ఏటి, ఇంకా ఉన్నాయేటి? వక్కల తట్టకి ఒకటి తక్కువొచ్చింది" అన్నది. కొన్ని తీసేద్దామా అని మెల్లగా సూచించాను. "ముట్టకు. నడుం పోయింది సర్దేసరికి" అన్నది.

అప్పుడు నేను చేసిన పనికి శాస్త్రీయమైన పేరు ప్రాథమిక పరిశీలన. చూసేవాళ్ళకు మాత్రం, పెళ్ళికూతురు చెల్లెలు వంగి వంగి పళ్ళేలను వాసన చూస్తున్నట్టు కనబడింది. ఏ తొడుగుకు తడి ఉందో వేళ్ళతో తడుముతూ లడ్డూల పళ్ళెం చేరేసరికి, వెనుకనుంచి నెమ్మదైన గొంతు వినిపించింది. "ఏమ్మా, లడ్డూల్లో ఏమన్నా పడిందా?"

ఫినాయిలత్త. ఇస్త్రీ మడత చెదరని తెల్లని చీర, పొట్టిగా కత్తిరించిన గోళ్ళు.

"లేదత్తయ్యా. నెయ్యి వాసన బాగుంటే..." అన్నాను. అబద్ధం చెప్పడంలో నాకు శిక్షణ లేదు.

ఆమె నన్ను దాటి కొబ్బరికాయ పళ్ళెం ముందు నిలబడ్డారు. వేదిక దగ్గర అక్క చూస్తోంది. ఆమెకు తొడుగుల సంగతి తెలియదు, ఆ పరీక్ష మొత్తం తనకేనని మాత్రం తెలుసు. ఫినాయిలత్త వంగి, తొడుగు అంచును రెండు వేళ్ళతో ఎత్తి, లోపలి కుట్టు చూశారు. ఎలాస్టిక్‌ను ఒకసారి లాగి వదిలారు. కంత చుట్టూ వేలు పెట్టి నడిపించారు. ఆ వేలు గుండ్రంగా కాక కోలగా తిరిగింది. ఏళ్ళ తరబడి ఆస్పత్రి వార్డుల్లో తిరిగిన మనిషికి ఆ ఆకారం తెలియకుండా ఉంటుందా అన్న ఆలోచన నాకు అప్పుడు వచ్చింది.

"ఇవి ఎవరు కుట్టినారు?"

పెద్దమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది. "నానే అమ్మా."

"తట్ట గుండ్రంగా ఉంది కదా. కంత కోలగా కత్తిరించినారేమి?"

మైక్రోస్కోపు కింద నేను చూసిన ఏ జీవీ పెద్దమ్మ అంత నిశ్చలంగా ఉండలేదు. చివరకు ఆమె, "కోలగా ఉంటే... లోన ఏటున్నా సరిగ్గా ఆనుకుంటాదమ్మా" అన్నది.

ఫినాయిలత్త కొంతసేపు పెద్దమ్మను చూశారు. తర్వాత తొడుగు అంచును జాగ్రత్తగా మళ్ళీ పళ్ళేనికి తగిలించారు. "ఉతకడానికి సులువు. జారదు. శుభ్రం మీద మనసున్న మనిషి చేసిన పని ఇది" అన్నారు. ఆపైన, "వచ్చే నెల నేను పెనాంగ్ పోవాలి. నాకు కూడా రెండు కుట్టి ఇస్తారా, వదినా?" అని అడిగారు.

వదినా అన్నారు. అక్కకు అది చాలు. నాన్న గొంతు సవరించుకుని తాంబూలం పళ్ళెం ఎత్తాడు, అవతలివారు అందుకున్నారు, చిన్నత్త కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం ఇంకా తడి తొడుగు గురించే ఆలోచిస్తున్నాను. అక్షతలు వేయడం అయిన వెంటనే పెద్దమ్మా నేనూ మెట్లు దిగి వ్యాను దగ్గరకు పరుగెత్తాం. పెదనాన్న సీటు వెనక్కి వాల్చి నిద్రపోతున్నాడు. ఎండ పడకుండా కళ్ళమీద గులాబిరంగు సాటిన్ తొడుగు కప్పుకున్నాడు, ముక్కు కంతలోంచి బయటికి ఉంది. పెద్దమ్మ ఆరేయడానికి కిటికీకి తగిలించి మరచిపోయినది అదే. ఆమె ఒక్క లాగు లాగింది.

"ఏటే, ఉండనీ. సల్లగా, మెత్తగా ఉంది" అన్నాడు పెదనాన్న కళ్ళు తెరవకుండానే.

పెద్దమ్మ వ్యాను మెట్టుమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నాకూ ఆగలేదు. (పెదనాన్నకు ఆ తర్వాత కళ్ళకుగాని ముక్కుకుగాని ఏమీ కాలేదు. నమూనా ఒక్కటే కనుక దీని నుంచి ఏ నిర్ధారణకూ రావడానికి వీలులేదు. ఏమి కప్పుకున్నాడో ఆయనకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.)

మిగిలిపోయిన ప్రశ్న ఒక్కటే. ఆ రోజు ఫినాయిలత్తకు, అంటే ఇప్పుడు మేమందరం నిండు మనసుతో అత్తయ్య అని పిలుచుకునే ఆమెకు, అవి ఏమిటో తెలుసా? పెనాంగ్‌లో ఆమె బంధువుల ఇంట శుభకార్యం ఉండిందట. అక్కడికి కారులో చాలా దూరం పోవాలి, దారిలో ఆగాలి. రెండు తొడుగులు పళ్ళేలకు కావలసి వచ్చాయో, ప్రయాణానికి కావలసి వచ్చాయో ఆమె చెప్పలేదు, పెద్దమ్మ అడగలేదు. నేనూ ఇన్నేళ్ళుగా అడగలేదు. ఈ ప్రశ్నకు ఒక వింత లక్షణం ఉంది: ఆమెకు తెలియకపోతే, అడగడంతోనే తెలిసిపోతుంది. కొలవగానే మారిపోయేదాన్ని కొలవడం ఎలాగో నాకు ఏ తరగతిలోనూ నేర్పలేదు. ఆధారం లేని మాట ఒప్పుకోనన్న ఆ పట్టాపుచ్చుకున్న పిల్ల అయితే, మొదటి అవకాశంలోనే అత్తయ్య హ్యాండ్‌బ్యాగు తెరిచి చూసి ఉండేది. మొన్న అందరం కలిసి కారులో పోతున్నప్పుడు దారిలో టాండాసు కోసం ఒక పెట్రోలు స్టేషనులో ఆగాం. అత్తయ్య కళ్ళజోడు, ఫోను, గొడుగు నా చేతిలో పెట్టి, బ్యాగు మాత్రం తన భుజానికే తగిలించుకుని లోపలికి వెళ్ళారు. నేను ఆ గొడుగు పట్టుకుని, ఏమీ తేల్చుకోవలసిన అవసరం లేని మనిషిలా, ఎండలో నిలబడ్డాను.