పాతాయన పోయిన రోజు

సూట్‌కేసుల ఫ్యాక్టరీలో ఆయన సూపర్‌వైజర్. అందరూ దూది అనేవారు, మాట అంత మెత్తన. ఒకసారి ఫ్యాక్టరీలో దూరి కిటికీలో ఇరుక్కున్న దొంగకు, "ఇటు ఇరుకండీ, ఆ పక్క తలుపు తీసే ఉంది" అని దారి చూపించాడని చెప్పుకునేవారు. నేను నమ్మలేదు. ఆ దొంగే వచ్చి చెప్పాక నమ్మాల్సి వచ్చింది.

అలాంటి మనిషికి ఏడాదికోసారి ఒక గండం. పనివాళ్లను ఒక్కొక్కరినే గాజు గదిలో కూర్చోబెట్టి, వాళ్ల పని ఎలా ఉందో మొహం మీద చెప్పాలి. దాన్ని రివ్యూ అంటారు. ఎలా చెప్పాలో నేర్పడానికి హెడ్డాఫీసు నుంచి ఒక టై కట్టుకున్నాయన వచ్చాడు. ముందు ఒక పొగడ్త, మధ్యలో తప్పు, ఆఖరున మళ్లీ పొగడ్త అని బోర్డు మీద గీసి మరీ చూపించాడు. దూది శ్రద్ధగా నేర్చుకున్నాడు. ముందు పొగిడేవాడు, ఆఖరున పొగిడేవాడు, మధ్యలో టీ తెప్పించేవాడు.

అయినా తప్పు ఎలాగోలా చెవిన వేయాలి కదా. దానికో ఉపాయం కనిపెట్టాడు. "ఇదివరకు ఇక్కడ ఒక పాతాయన ఉండేవాడు" అని మొదలుపెట్టేవాడు. పొద్దెక్కి వచ్చేవాడికి, పొద్దెక్కి వచ్చి చెడిపోయిన పాతాయన కథ. లైనింగ్ వంకరగా కుట్టే ఆవిడకు, వంకర కుట్టుతో పరువు పోగొట్టుకున్న పాతాయన కథ. విన్నవాళ్లు అద్దంలో చూసుకున్నట్టు తమను తాము చూసుకుంటారని ఆయన ఆశ. వాళ్లూ చూసుకున్నారు. పాతాయన పక్కన నిలబడి చూసుకుని, తాము మేలిమి బంగారమని తేల్చుకుని, ఈల వేసుకుంటూ బయటికొచ్చేవారు.

టీ బల్ల దగ్గర ఈ కథలన్నీ కలిసి ఒకే మనిషి తయారయ్యాడు. పొద్దెక్కి వస్తాడు, వంకరగా కుడతాడు, జిప్పు తలకిందులుగా బిగిస్తాడు, మధ్యాహ్నం పెద్ద సూట్‌కేసులో పడుకుంటాడు. ఓసారి అలా పడుకుని ఉండగానే మూత వేసి ఓడెక్కించేశారని, పరాయి దేశంలో తెరిస్తే "టీ వచ్చిందా?" అంటూ లేచాడని లైనింగ్ ఆవిడ చెప్పేది. తాను స్వయంగా వీడ్కోలు పలికినంత ధీమాగా చెప్పేది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. చిక్కంతా దూది బావమరిదితో వచ్చింది. అతనిదీ అక్కడే పని, సూట్‌కేసులకు పిడులు బిగిస్తాడు. అతను బిగించినవి ఊడొస్తున్నాయి. ఒకాయన బస్సెక్కి చూసుకుంటే చేతిలో పిడి ఉంది, పెట్టె మాత్రం స్టాపులోనే ఉండిపోయింది. మేనేజరమ్మ దూదిని పిలిచి, "వారం చూస్తాను. సరిదిద్దుకుంటే సరి. లేదంటే అతన్ని పంపించేద్దాం" అంది.

దూది ఇంటికెళ్లి భార్యతో ఈ మాట అన్నాడు. ఆవిడ కూర తరగడం ఆపలేదు.

"మా తమ్ముడికి సూటిగా చెప్పండి. వాడికి కోపమొస్తే నేను చూసుకుంటాను. ఉద్యోగం పోతే మాత్రం పెళ్లాం పిల్లలతో మన ముందుగదిలో దిగుతాడు. అప్పుడు మీరు చూసుకోవాలి."

బావమరిది గురక దూది ఇదివరకే విని ఉన్నాడు.

మర్నాడు గాజు గదిలో బావమరిదిని కూర్చోబెట్టాడు. పొగిడాడు. టీ తెప్పించాడు.

"ఇదివరకు ఇక్కడ ఒక పాతాయన పిడులు బిగించేవాడు రా..."

"పిడులు కూడానా బావా? ఆయన ముట్టుకోని పని లేదే."

"అవి ఊడిపోయేవి."

"ఊడవూ మరి. పెట్టెలో పడుకునేవాడి చేతిపని ఎలా ఉంటుంది?" అని బావమరిది పడీ పడీ నవ్వాడు. "వాడి పక్కన నిలబెట్టి చూస్తే నేను ఎంత నయమో కదా బావా."

"నయమే" అన్నాడు దూది. ఆఖరు పొగడ్త అలా పూర్తయింది.

ఆ సాయంత్రం మేనేజరమ్మ దూదికి రివ్యూ పెట్టింది. ముందుగా పొగిడింది. టీ తెప్పించింది. తర్వాత, "మీకు ముందు ఇక్కడ ఒక సూపర్‌వైజర్ ఉండేవాడట" అంది. "మనసు వెన్న. తప్పు చెప్పమంటే కథ చెప్పేవాడట. ఆయన మంచితనం వల్ల పాపం కింది వాళ్ల ఉద్యోగాలు పోయాయట, ఆఖరికి ఆయనదీ పోయిందట."

దూది కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. "అలాంటి చేతకానివాళ్లు కూడా ఉంటారా మేడమ్?"

"ఉంటారు" అంది మేనేజరమ్మ, నవ్వకుండా.

ఆ రాత్రి దూది ఆ చేతకానివాడి కథ భార్యకు చెబుతూ అన్నం తింటున్నాడు. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏవండీ, ఆ ఫ్యాక్టరీ తలుపులు తెరిచిన రోజు నుంచీ అక్కడ సూపర్‌వైజర్ ఎవరు?"

"నేనే."

"మరి మీకు ముందు ఎవరున్నారు?"

ముద్ద దూది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

తెల్లవారగానే ఆయన ఊడొచ్చిన పిడి ఒకటి పట్టుకుని తిన్నగా బావమరిది బల్ల దగ్గరికి నడిచాడు. పిడిని బల్ల మీద పెట్టాడు.

"ఇది నువ్వు బిగించిన పిడి. ఊడిపోయింది. రివెట్ కింద వాషర్ వేయడం లేదు నువ్వు. ఈ వారం మారకపోతే నీ ఉద్యోగం పోతుంది."

బావమరిది పిడి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాదా?"

"నీదే."

"కథేం లేదా?"

"లేదు."

"వాషర్లు ఎక్కడున్నాయి బావా?"

"నీ బల్ల కింద ఆ డబ్బా నిండా ఉన్నాయి కదరా."

"అదా" అన్నాడు బావమరిది. "అది పాతాయన డబ్బా అనుకున్నాను. తిరిగొస్తే గొడవ పెట్టుకుంటాడని ముట్టుకోలేదు."

ఆ రోజు బిగించిన పెట్టెలను మేనేజరమ్మ స్వయంగా ఎత్తి చూసింది. ఒక పెట్టెలో లైనింగ్ ఆవిడనే కూర్చోబెట్టి ఎత్తించారనీ, పిడి కిర్రుమనలేదనీ అంటారు. బావమరిది ఉద్యోగం నిలిచింది. ముందుగది ఖాళీగానే ఉంది.

పెట్టెలోంచి దిగుతూ లైనింగ్ ఆవిడ అడిగింది, "సార్, మీ పాతాయన ఉంటే ఈ పిడి చూసి ఏమనేవాడో."

దూది గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "పాతాయన పోయాడమ్మా."

మెషీన్లు ఆగిపోయాయి. అందరూ లేచి తలలు వంచుకుని నిలబడ్డారు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది బావమరిది. మేనేజరమ్మ కూడా గాజు గదిలోంచి బయటికొచ్చి, పెదవి కొరుక్కుంటూ, వాళ్లతో పాటు నిలబడింది.

లైనింగ్ ఆవిడ కళ్లు తుడుచుకుని మళ్లీ మెషీన్ దగ్గర కూర్చోబోతుంటే దూది మెల్లగా దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, నీ కుట్టు వంకర."

"ఇవాళేనా సార్ చెప్పడం?" అందావిడ. కానీ కుట్టు విప్పడం మొదలుపెట్టింది.